ఆ సీటుకు ఓటరు ఎప్పుడూ ఆలస్యమే

చికాగో వచ్చిన చుట్టాలకు చూపించే చోట్లు మా ఇళ్లన్నిట్లో దాదాపు ఒకటే. అరోరా బాలాజీ గుడి, మిలీనియం పార్కు, మిషిగన్ సరస్సు ఒడ్డు, ఓపిక మిగిలితే హైడ్ పార్క్ వైపు వెళ్లి ఒబామా ఇల్లున్న వీధి. ఇల్లు సరిగా కనిపించదు, చెట్లూ సెక్యూరిటీ అడ్డం. అయినా వెళ్తాం. మా బాబాయి రెవెన్యూలో చేసి రిటైరయ్యారు, సర్వీసంతా ఎన్నికల డ్యూటీలు తప్పని మనిషి. ఆయన మాత్రం ఇల్లెంత, గదులెన్ని అని అడగలేదు.

"ఇక్కడ మొదటిసారి ఎవరి మీద గెలిచాడ్రా?"

"ప్రైమరీలో, అంటే పార్టీ టికెట్టు ఎవరికో తేల్చే ముందు ఎన్నికలో, ఎవరి మీదా కాదు బాబాయ్. పోటీలో ఇంకెవరూ మిగల్లేదు."

"ఓహో, ఏకగ్రీవమా?"

"ఏకగ్రీవం చేసుకున్నాడు."

అప్పుడు ఆయన ముఖంలో కనబడిన ఆసక్తి మిలీనియం పార్కులో కనబడలేదు. దారంతా ఆ కథే చెప్పించుకున్నారు. చెబుతున్నకొద్దీ నాకూ ఒక సంగతి స్పష్టమైంది. ఇది ఒక్క ఒబామా కథ కాదు. ఇల్లినాయ్ సెనేట్ పదమూడో జిల్లాలో 1991 నుంచి సెనేటర్ మారిన ప్రతిసారీ, కొత్త మనిషి ఎవరన్నది ఓటరు పోలింగ్ బూత్‌కు వెళ్లకముందే తేలిపోయింది. నలుగురు వచ్చారు. నలుగురిలో ఒక్కరిని కూడా ఓటర్లు సిసలైన పోటీలో, తొలిసారి, తమంతట తాము ఎంచుకోలేదు. వచ్చిన నలుగురూ పనిమంతులే కాబట్టి దీన్ని ఎవరూ పట్టించుకోరు. నాకు ఇబ్బందిగా ఉన్నది సరిగ్గా అదే.

కొత్తవాళ్లకు రెండు ముక్కలు. ఇక్కడ ప్రతి రాష్ట్రానికీ సొంత చట్టసభ ఉంటుంది. ఇల్లినాయ్‌లో అది స్ప్రింగ్‌ఫీల్డ్‌లో కూర్చుంటుంది. కింది సభలో 118 మంది, పై సభ అయిన సెనేట్‌లో 59 మంది. మన శాసన మండలిలా పరోక్షంగా వచ్చేవాళ్లు, గవర్నరు నామినేట్ చేసేవాళ్లు ఇందులో ఉండరు. అందరూ నేరుగా జనం ఓట్లతో రావాల్సినవాళ్లే. 2020 జనాభా లెక్కల ప్రకారం ఒక్కో సెనేట్ జిల్లాలో సుమారు 2.17 లక్షల మంది ఉంటారు. స్కూళ్లకు నిధులు, ప్రాపర్టీ టాక్స్ నియమాలు, పోలీసులు, బెయిలు, జైలు, అన్నీ అక్కడే తేలతాయి. మనవాళ్లు ప్రెసిడెంట్ ఎన్నికల గురించి రాత్రంతా వాదిస్తారు గానీ, తమ స్టేట్ సెనేటర్ పేరు అడిగితే ఫోన్ తీస్తారు.

పదమూడో జిల్లా చికాగో దక్షిణ భాగంలో ఉంది. హైడ్ పార్క్, కెన్‌వుడ్, సౌత్ షోర్, చికాగో విశ్వవిద్యాలయం చుట్టుపక్కలన్నమాట. జిల్లా నంబర్లు, హద్దులు మారుతూ వచ్చాయి గానీ, ఆ ప్రాంతం తరఫున 1967 నుంచి 1991 దాకా సెనేట్‌లో కూర్చున్నది రిచర్డ్ న్యూహౌస్. ఆయన గెలుపు వెనక పెద్ద కథే ఉంది. ఇల్లినాయ్ చట్టసభ 1901 తర్వాత అరవై ఏళ్లలో తన జిల్లాల హద్దులను ఒక్కసారే, 1955లో, మార్చుకుంది. చికాగోకు లక్షల మంది వచ్చి చేరుతున్నా పాత హద్దులతోనే పని నడిచింది. కారణం సులువే. మారిస్తే పల్లె ప్రాంతాల సభ్యులు తమ సీట్లు తామే పోగొట్టుకోవాలి. ఆ 1955 మార్పులోనూ సెనేట్ హద్దులు జనాభాను బట్టి కాదు, భూభాగాన్ని బట్టి గీశారు. 1964లో అమెరికా సుప్రీంకోర్టు రెనాల్డ్స్ వర్సెస్ సిమ్స్ తీర్పులో, రాష్ట్ర చట్టసభల రెండు సభల్లోనూ సీట్లు జనాభా ప్రకారమే ఉండాలని తేల్చింది. ఆ తర్వాత గీసిన హద్దుల మీద 1966లో జరిగిన ఎన్నికల్లో గెలిచినవాళ్లలో న్యూహౌస్ ఒకరు.

ఆ గందరగోళంలోనే ఒక తమాషా జరిగింది. హద్దుల మీద రాజీ కుదరక 1964లో ఇల్లినాయ్ కింది సభ మొత్తం 177 సీట్లకూ రాష్ట్రమంతా ఒకే నియోజకవర్గంగా ఓటేసింది. బ్యాలెట్ మీద 236 పేర్లు. జనం దానికి దుప్పటి బ్యాలెట్ అని పేరు పెట్టారు. ఇది చెప్పినప్పుడు బాబాయి కారులో చాలాసేపు నవ్వారు. లెక్కింపు డ్యూటీ వేసుంటే తాను మెడికల్ లీవు పెట్టేవాడినన్నారు.

న్యూహౌస్ కాలపు హైడ్ పార్క్‌కు ఒక పేరుండేది. మేయర్ రిచర్డ్ జె. డేలీ పార్టీ యంత్రాంగం నగరమంతా శాసిస్తున్న రోజుల్లో, ఆ యంత్రాంగానికి తల వంచని డెమొక్రాట్ల అడ్డా అది. కౌన్సిల్‌లో లియోన్ డెస్ప్రెస్ ఇరవై ఏళ్లు డేలీకి ఎదురు నిలిచింది ఇక్కణ్నుంచే. న్యూహౌస్ కూడా 1975 ప్రైమరీలో మేయర్ పదవికి డేలీ మీదే పోటీ చేశారు. ఓడిపోయారనుకోండి. అయినా ఒక నల్లజాతి నాయకుడు ఆ పని చేయడం అప్పట్లో మాటలు కాదు.

అలాంటి ప్రాంతంలో 1991లో న్యూహౌస్ తప్పుకున్నాక జరిగిందేమిటి? ఎన్నిక కాదు, నియామకం. ఇల్లినాయ్ రాజ్యాంగం ప్రకారం సెనేట్ సీటు ఖాళీ అయితే ముప్పై రోజుల్లో నియామకంతో నింపాలి. వచ్చే మనిషి పాత సెనేటర్ పార్టీ వాడే అయ్యుండాలి. నియమించేది ఎవరు? ఆ పార్టీ స్థానిక నాయకులు. చికాగోలోనైతే వార్డు కమిటీమన్లు. ఒక్కొక్కరి ఓటుకు ఉండే బరువు వాళ్ల వార్డులో పడిన ఓట్ల లెక్కను బట్టి ఉంటుంది. కమిటీమన్లను ప్రైమరీలో జనమే ఎన్నుకుంటారు నిజమే. కానీ వాళ్లను ఎన్నుకున్న రోజున, రేపు నా సెనేటర్‌ను వీళ్లే ఎంచుతారని తెలిసి ఓటేసినవాళ్లు ఎంతమంది ఉంటారు? యంత్రాంగాన్ని ఎదిరించిన గడ్డ మీద సెనేటర్ యంత్రాంగం గదిలోంచి బయటికొచ్చారు. ఆమె ఆలిస్ పామర్. విద్యావేత్త, ఉద్యమాల మనిషి, మంచి పేరున్న నాయకురాలు. మరుసటి ఏడాది ఎన్నికల్లో ఓటర్లు ఆమెను ఆమోదించారు.

ఇక ఒబామా సంగతి. 1995లో అమెరికా కాంగ్రెస్‌లో, అంటే జాతీయ చట్టసభలో, ఇల్లినాయ్ రెండో జిల్లా సీటు ఖాళీ అయింది. పామర్ దానికి పోటీ చేస్తానని ప్రకటించి, తన సెనేట్ సీటుకు ముప్పై నాలుగేళ్ల లాయరు ఒబామాను ముందుకు తెచ్చారు. నవంబరు చివర్లో ప్రత్యేక ప్రైమరీలో జెస్సీ జాక్సన్ జూనియర్ గెలిచారు. పామర్ మూడో స్థానంలో నిలిచారు. ఆమె మద్దతుదారులు ఒబామా దగ్గరికొచ్చి, పక్కకు తప్పుకో, ఆమె సీటు ఆమెకు వదిలెయ్ అన్నారు. ఆయన ఒప్పుకోలేదు. ఇక్కడిదాకా నేను ఒబామా పక్షమే. సీటేమీ ఎవరి పిత్రార్జితమూ కాదు. వదిలేస్తున్నానని చెప్పి, వేరే చోట ఓడి తిరిగొచ్చి నాది నాకిచ్చెయ్ అంటే కుదరదు.

తర్వాత జరిగింది వేరు. బ్యాలెట్ మీద పేరు పడాలంటే జిల్లాలోని ఓటర్ల సంతకాలు కనీసం 757 కావాలి. పామర్ వర్గం కొద్ది వారాల్లో హడావిడిగా సంతకాలు పోగేసింది. మరో ముగ్గురు అభ్యర్థులూ పెట్టారు. 1996 జనవరిలో ఒబామా మనుషులు ఎన్నికల బోర్డు ఆఫీసుకు వెళ్లి, ఓటర్ల జాబితాతో ఒక్కో సంతకాన్నీ సరిపోల్చి అభ్యంతరాలు పెట్టారు. ఇది జిల్లా బయటి చిరునామా, ఈ మనిషి జాబితాలో లేడు, ఇది సంతకం కాదు అచ్చక్షరాల్లో రాసిన పేరు, ఈ కాగితం తిప్పినవాడికే అర్హత లేదు. గా-ఇస్ ఆస్కియా అనే అభ్యర్థి 1,899 సంతకాలు ఇచ్చారు. కోతలన్నీ పోయాక 69 తక్కువయ్యాయి. పామర్ తానే తప్పుకున్నారు. ఒకరి తర్వాత ఒకరు నలుగురూ పోయారు. మార్చి ప్రైమరీలో ఒక్కటే పేరు. నవంబరు ఎన్నికలో 82 శాతం ఓట్లు. అక్కడ డెమొక్రాట్ టికెట్ దొరికితే నవంబరు ఎన్నిక లాంఛనమే.

బాబాయికి ఇక్కడ కోపం వచ్చింది. "757 సంతకాలేమిట్రా? మన దగ్గర అసెంబ్లీకి గుర్తింపు పార్టీ వాడికి ఒక్క ప్రతిపాదకుడు చాలు, ఇండిపెండెంటుకు పది మంది. స్క్రూటినీలో చిన్నచిన్న తప్పులకు నామినేషన్ కొట్టేయకూడదని చట్టంలోనే రాసి ఉంది."

ఆయన చెప్పింది నిజమే. మన ప్రజా ప్రాతినిధ్య చట్టం 36వ సెక్షన్, ముఖ్యం కాని లోపాల పేరుతో నామినేషన్ తిరస్కరించకూడదని రిటర్నింగ్ అధికారికి చెబుతుంది. చికాగో పద్ధతి దానికి తలకిందులు. అక్కడ లోపం వెతకడం ఒక వృత్తి, దాని మీదే బతికే లాయర్లున్నారు. ఒబామా అన్యాయం చేశారని నేను అనను. ఆయన వాదన ఎప్పుడూ ఒకటే: నియమాలున్నాయి, వాటిని పాటించమన్నాను. చట్టం ప్రకారం తప్పు పట్టలేం. కానీ 757 గడప దాటని నలుగురి వెనక మొత్తం కలిపితే కొన్ని వేల సంతకాలున్నాయి. అందులో సగం దొంగవే అనుకున్నా, మిగతా సగం పెట్టినవాళ్లు నిజమైన ఓటర్లు. మాకు ఇంకో పేరు కూడా కావాలి అన్నవాళ్లు. వాళ్లకు మార్చిలో దొరికింది ఒకే గడి ఉన్న బ్యాలెట్.

ఎన్నికయ్యాక కూడా జిల్లా కథ ఓటర్ల చేతిలో లేదు. చీటీల చేతిలో ఉంది. అతిశయోక్తి కాదు. 1970 రాజ్యాంగం ప్రకారం పదేళ్లకోసారి హద్దులు గీయడంలో చట్టసభ విఫలమైతే, రెండు పార్టీల నుంచి సరిసమానంగా ఎనిమిది మందితో కమిషన్ వేయాలి. వాళ్లూ తేల్చలేకపోతే, రాష్ట్ర సుప్రీంకోర్టు రెండు పార్టీల నుంచి చెరొక పేరు ఇస్తుంది, సెక్రటరీ ఆఫ్ స్టేట్ అనే రాష్ట్ర అధికారి ఒక చీటీ తీస్తారు. ఎవరి పేరొస్తే వాళ్ల పార్టీకి కమిషన్‌లో ఒక ఓటు ఎక్కువ. ఇలా భయపెడితే రెండు పార్టీలూ రాజీకొస్తాయని రాజ్యాంగం రాసినవాళ్ల ఆశ. రాలేదు. లాటరీ తగిలితే పదేళ్ల రాజ్యం, తగలకపోతే చూద్దాం అనుకున్నారు. 1981, 1991, 2001, మూడుసార్లూ చీటీ తీయాల్సివచ్చింది.

1991లో చీటీ రిపబ్లికన్లకు తగిలింది. వాళ్లు గీసిన హద్దులతో 1992లో సెనేట్ వాళ్ల చేతికొచ్చి పదేళ్లు నిలిచింది. అందుకే 1997లో వెళ్లిన ఒబామా ఆరేళ్లు ప్రతిపక్ష బెంచీల మీద కూర్చున్నారు. 2000లో ఆ విసుగుతోనో ఏమో, కాంగ్రెస్ సభ్యుడు బాబీ రష్ మీద ప్రైమరీకి దిగి, ఆయనకు తనకన్నా రెండింతల ఓట్లు రాగా చిత్తుగా ఓడారు. 2001 సెప్టెంబరులో సెక్రటరీ ఆఫ్ స్టేట్ జెస్సీ వైట్, లింకన్ పెట్టుకునే పొడవాటి టోపీ లాంటి దాన్లోంచి చీటీ తీశారు. ఈసారి డెమొక్రాట్ పేరు.

డెమొక్రాట్ల మ్యాపు పని అప్పటికే స్ప్రింగ్‌ఫీల్డ్‌లో కంప్యూటర్ల ముందు నడుస్తోంది. ఆ ఏడాదే ఒబామా జాన్ కొరిగన్ అనే పార్టీ నిపుణుడి పక్కన కూర్చుని తన జిల్లా తానే గీసుకున్నారు. పాత జిల్లా హైడ్ పార్క్ నుంచి పడమరగా పేద నల్లజాతి పేటల్లోకి వెళ్లేది. కొత్తది సరస్సు ఒడ్డున ఉత్తరంగా, డౌన్‌టౌన్ మీదుగా, గోల్డ్ కోస్ట్ అనే సంపన్నుల పేట దాకా సాగింది. జిల్లా నల్లజాతి మెజారిటీ ప్రాంతంగానే ఉంది. కానీ అందులో విరాళాలు ఇవ్వగలవాళ్లు, నగరంలో పలుకుబడి ఉన్నవాళ్లు చేరారు. రెండేళ్ల తర్వాత అమెరికా సెనేట్‌కు పోటీ చేయబోయే మనిషికి ఇంతకన్నా మంచి పునాది ఏముంటుంది? ఇక జిల్లా బయటికి జారిపోయిన పేటల మాటేమిటి? ఏ రోజూ ఓటేసి ఆయన్ను కాదనని జనం, ఒక రోజు లేచేసరికి వేరే సెనేటర్ పరిధిలో ఉన్నారు.

నాకు ఈ ఘట్టం సంతకాల గొడవకన్నా బరువుగా అనిపిస్తుంది. సంతకాల్లో కనీసం ఒక నియమం ఉంది, అందరికీ ఒకటే. మ్యాపులో, పోటీ చేసేవాడే ఎవరు తనకు ఓటర్లుగా ఉండాలో ఎంచుకున్నాడు. మన డీలిమిటేషన్‌కు ఎన్ని వంకలైనా పెట్టొచ్చు. కానీ 2008లో అమల్లోకొచ్చిన హద్దులు గీసింది రిటైర్డ్ న్యాయమూర్తి నేతృత్వంలోని కమిషన్. ఎమ్మెల్యేలు, ఎంపీలు సలహా సభ్యులే, వాళ్లకు ఓటు లేదు.

కొత్త మ్యాపుతో 2002లో సెనేట్ డెమొక్రాట్లకు తిరిగొచ్చింది. ఎమిల్ జోన్స్ సభాధ్యక్షుడయ్యారు, ముఖ్యమైన బిల్లులు ఒబామా చేతికి వచ్చాయి. హత్య కేసుల్లో పోలీసులు నిందితులను విచారించేటప్పుడు రికార్డు చేయాలన్న 2003 చట్టం అందులో ఒకటి. మరణశిక్ష పడినవాళ్లు తర్వాత నిర్దోషులని వరసగా తేలుతున్న రాష్ట్రంలో అది చిన్న విషయం కాదు. పోలీసులనూ ప్రాసిక్యూటర్లనూ ఒప్పించి తెచ్చిన చట్టం అది. మంచి సెనేటరేనా అంటే, మంచి సెనేటరే.

2004 నవంబరులో ఒబామా అమెరికా సెనేట్‌కు గెలిచి రెండు రోజుల్లో రాజీనామా చేశారు. మళ్లీ కమిటీమన్లు కూర్చున్నారు. హైతీ నుంచి వచ్చిన కుటుంబంలో పుట్టిన లాయరు క్వామీ రౌల్‌ను నియమించారు. అంతకుముందు నగర కౌన్సిల్‌కు పోటీ చేసి ఓడిన మనిషి. ఇక్కడ ఇంకో మెలిక ఉంది. పదవీకాలం 28 నెలలకన్నా ఎక్కువ మిగిలుంటేనే తర్వాతి సాధారణ ఎన్నికలో ఆ సీటును ఓటర్ల ముందు పెట్టాలి. అప్పటికి మిగిలింది 26 నెలలు. కాబట్టి రౌల్ 2007 జనవరి దాకా ఓటరు ముఖం చూడకుండానే కూర్చోవచ్చు. రెండేళ్ల పైచిలుకు, రెండు లక్షల మందికి, వాళ్లు ఎన్నుకోని ప్రతినిధి. రౌల్ కూడా పని చూపించారు. ఇల్లినాయ్ 2011లో మరణశిక్ష రద్దు చేసింది, సెనేట్‌లో ఆ బిల్లు నడిపింది ఆయనే. అదే ఏడాది సెనేట్ హద్దుల కమిటీకి చైర్మన్ కూడా ఆయనే! జిల్లాకు మ్యాపులతో ఈ అనుబంధం ఏమిటో.

రౌల్ 2018లో అటార్నీ జనరల్‌గా గెలిచారు. 2019 జనవరిలో మళ్లీ ఖాళీ, మళ్లీ గది, మళ్లీ నియామకం. ఈసారి రాబర్ట్ పీటర్స్, ఉద్యమ సంఘాల్లోంచి వచ్చిన యువకుడు. 2020 ప్రైమరీలో ఓటర్ల ముందుకెళ్లి గెలిచారు. డబ్బు కడితేనే బెయిలు అనే పద్ధతిని ఎత్తేసిన చట్టంలో ఆయనది పెద్ద చెయ్యి. 2023 సెప్టెంబరు 18న అది అమల్లోకొచ్చి, నగదు బెయిలును పూర్తిగా రద్దు చేసిన తొలి రాష్ట్రంగా ఇల్లినాయ్ నిలిచింది.

ఇంత మంచి పనులు జరిగాయి కదా, నీ బాధేంటి అంటారు. ఈ మాట నాతో చాలామంది అన్నారు, ముఖ్యంగా ఇక్కడే పుట్టిన మా పిల్లల తరం. వాళ్ల లెక్కలో ఫలితం బాగుంటే చాలు. నా జవాబు: కమిటీమన్లు మంచివాళ్లను ఎంచారు, సరే. ఎంచకపోతే ఆపేది ఎవరు? ఒకసారి లోపల కూర్చున్నాక సిట్టింగ్ సెనేటర్ అనే ముద్ర, ఆఫీసు, ఉత్తరాల మీద పేరు, విరాళాల జాబితా అన్నీ వచ్చేస్తాయి. తర్వాతి ప్రైమరీలో ఎదురు నిలబడేవాడు మొదటి అడుగే వెనక నుంచి వేస్తాడు. నియామకం తాత్కాలికం అని రాజ్యాంగం అనుకుంటుంది. ఈ జిల్లాలో మాత్రం నియామకమే అసలు ఎన్నిక, ఎన్నిక దానికి రశీదు.

ఉప ఎన్నిక పెట్టడం ఏమంత అసాధ్యం కాదు. మన దగ్గర అసెంబ్లీ సీటు ఖాళీ అయితే ఆరు నెలల్లో ఉప ఎన్నిక జరగాలి, పదవీకాలం ఏడాదిలోపు మిగిలితే తప్ప. హుజూరాబాద్, మునుగోడు రోజుల్లో డబ్బు మాటలు ఎంత విన్నామో నాకు గుర్తుంది. ఉప ఎన్నిక పవిత్రమైనదని నేను చెప్పడం లేదు. కానీ ఆ డబ్బంతా ఓటరు చుట్టూ తిరిగింది ఎందుకు? తేల్చేది ఓటరే కాబట్టి. అమెరికాలోనే వర్జీనియా లాంటి రాష్ట్రాల్లో సెనేట్ ఖాళీకి ప్రత్యేక ఎన్నిక తప్పనిసరి. హైదరాబాద్‌లో పుట్టిన గజాలా హష్మీ 2019లో ఆ సెనేట్‌లోకి వెళ్లింది సిట్టింగ్ సెనేటర్‌ను బ్యాలెట్ మీద ఓడించి. ఎవరి గదిలోనో పేరు ఖరారు చేయించుకుని కాదు. 2025లో ఆమె లెఫ్టినెంట్ గవర్నర్‌గా కూడా గెలిచారు.

ఒకప్పుడు ఇల్లినాయ్‌లోనూ ఓటరుకు ఇంతకన్నా ఎక్కువ చేతిలో ఉండేది. 1980 దాకా కింది సభలో ప్రతి జిల్లాకూ ముగ్గురు సభ్యులు, ప్రతి ఓటరుకూ మూడు ఓట్లు. మూడూ ఒక్కరికే వేసేయొచ్చు, పంచుకోవచ్చు. దాంతో డెమొక్రాట్ల కంచుకోటలోనూ ఒక రిపబ్లికన్, యంత్రాంగం ఏలే చోటా ఒక స్వతంత్రుడు దూరగలిగేవారు. ఖర్చు తగ్గించే పేరుతో 1980లో ప్యాట్ క్విన్ అనే ఉద్యమకారుడు నడిపిన రాజ్యాంగ సవరణ ఆ సభను 177 నుంచి 118కి కోసి, ఈ పద్ధతిని కూడా ఎత్తేసింది. రాజకీయ నాయకులను తగ్గిస్తున్నాం అంటే జనం సంతోషంగా ఓటేశారు. తగ్గింది నాయకులు కాదు, తమ ఎంపిక అని తర్వాత తెలిసింది.

2025లో రాబర్ట్ పీటర్స్ కాంగ్రెస్‌కు పోటీ చేస్తానని ప్రకటించారు. ఏ సీటుకో తెలుసా? 1995లో పామర్ ఆశపడిన ఆ రెండో జిల్లాకే. పామర్‌ను ఓడించిన జెస్సీ జాక్సన్ జూనియర్ కూడా అదే సీటుకు మళ్లీ బరిలోకి దిగారు. పీటర్స్ సీటు ఈసారి కాకపోతే ఇంకోసారి ఖాళీ అవుతుంది, సెనేటర్లు పైకి చూడటం ఆ జిల్లా అలవాటు. అది పదవీకాలం మధ్యలో అయితే కమిటీమన్లు మళ్లీ కూర్చుంటారు.

మార్చాలంటే రాజ్యాంగం మార్చాలి, ఎందుకంటే నియామకం అనే మాట అక్కడే ఉంది. చట్టసభ తనంతట తాను చేస్తుందని నాకు నమ్మకం లేదు. చాలామంది సభ్యులు ఆ తలుపులోంచే వచ్చారు. ఇంకో దారి ప్రజల పిటిషన్. చట్టసభ నిర్మాణం, విధానాల విషయంలో పౌరులే సవరణ ప్రతిపాదించొచ్చు. అలా ఇప్పటిదాకా నెగ్గింది క్విన్ సవరణ ఒక్కటే. హద్దుల పనిని స్వతంత్ర కమిషన్‌కు అప్పగిద్దామన్న పిటిషన్‌ను 2016లో రాష్ట్ర సుప్రీంకోర్టు ఒక్క ఓటు తేడాతో కొట్టేసింది. ఖాళీల నియమం మాత్రం చట్టసభ గురించిన నాలుగో అధికరణంలోనే ఉంది కాబట్టి, దానికి కోర్టు గండం కొంత తక్కువని నా అంచనా. గవర్నరు ఎన్నికలో పడిన ఓట్లలో ఎనిమిది శాతం సంతకాలు కావాలి. 2022 లెక్కన సుమారు 3.28 లక్షలు. ఎవరైనా మొదలుపెడితే బాలాజీ గుడి పార్కింగ్ దగ్గర కాగితాలు పట్టుకుని నిలబడటానికి నేను సిద్ధం. అచ్చక్షరాల్లో కాదు, సంతకమే పెట్టండని ప్రతి ఒక్కరికీ ముందే చెప్పాలి.